త్వేర్ అనే పాత రష్యన్ ఊరిని కర్నూల్లో కూర్చొని చదువుకోవడం ఎలా

మా అక్క కొడుక్కి రష్యాలో మెడిసిన్ సీటొచ్చింది. ఊరి పేరు త్వేర్. కన్సల్టెన్సీ వాళ్ళిచ్చిన పాంప్లెట్‌లో హాస్టల్ గదుల ఫోటోలు, ఇండియన్ మెస్ ఫోటోలు, ఫీజు వివరాలు తప్ప ఊరి గురించి ఒక్క ముక్క లేదు. "మామా, ఆరేండ్లు ఉండాల్సిన ఊరు గదా, అదెట్లాంటి ఊరో చదువుకుందామంటే తెలుగులో ఏమీ దొరకట్లేదు, నువ్వేమన్నా చూసి చెప్పు" అన్నాడు. సరేనని మొదలుపెట్టినవాణ్ణి మూడు నెలలు అందులోంచి బయటికి రాలేదు. ఇప్పుడు ఆ ఊరి పేరు వింటే మా బంధువుల ఊరి పేరు విన్నట్టే ఉంటుంది నాకు.

మీ ఇంట్లో కూడా ఎవరైనా అటు చదువుకు పోతుండొచ్చు, లేదా మీకే ఊరికే ఆసక్తి ఉండొచ్చు. నేను చేసిన పద్ధతి రాస్తున్నా. త్వేర్‌కే కాదు, ఏ పాత ఊరికైనా ఇది పనికొస్తుంది, కానీ త్వేర్‌తో చెప్తేనే నాకు ఇష్టం. ఎందుకంటే ఆ ఊరి వ్యాపారి ఒకాయన అయిదొందల యాభై ఏండ్ల కింద మన శ్రీశైలం దాకా వచ్చిపోయాడు. ఆ సంగతి కాస్త ఆగి చెప్తా, ముందు చేయాల్సిన పనులు రెండున్నాయి.

ఒక పెద్ద నోట్‌బుక్ తీసుకొని ప్రతి పేజీనీ నిలువుగా మూడు భాగాలు చేయండి. ఒకదాంట్లో మనిషి, ఒకదాంట్లో చోటు, ఒకదాంట్లో సంస్థ. సంస్థ అంటే మఠం కావచ్చు, మిల్లు కావచ్చు, కాలేజీ కావచ్చు. చదివే ప్రతి సంగతీ ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట పడుతుంది. ఒకే వరసలో మూడూ నిండిన చోట గుర్తు పెట్టుకోండి, ఊరి కథ అక్కడే ఉంటుంది. పోటీ పరీక్షలకు చదివినట్టు రాజుల పేర్లు వరసగా బట్టీ పడితే మాత్రం నెల తిరక్కుండా అంతా మర్చిపోతారు.

మొదట నదిని గీయండి

పుస్తకం తెరిచేముందు మ్యాప్ తెరవండి. ఫోన్లో యాండెక్స్ మ్యాప్స్ వేసుకుంటే రష్యా ఊళ్ళు వివరంగా కనిపిస్తాయి. త్వేర్ మాస్కోకు వాయవ్యంగా సుమారు 170 కిలోమీటర్లు, అంటే మన కర్నూలుకు హైదరాబాదు కన్నా దగ్గర. ఈ దగ్గరతనమే ఆ ఊరికి ఎంత చేటు తెచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

ఇప్పుడు తెల్ల కాగితం మీద వోల్గాను గీయండి. ఉత్తరం ఒడ్డు వైపు నుంచి త్వెర్త్సా అనే నది వచ్చి కలుస్తుంది, దక్షిణం ఒడ్డు వైపు నుంచి త్మాకా అనే చిన్నేరు. పాత కోట త్మాకా, వోల్గా కలిసే మూల మీద ఉండేది. రెండు వైపులా నీళ్ళే కాబట్టి శత్రువుకు దారి తక్కువ. మన దగ్గర తుంగభద్రలో హంద్రీ కలిసే చోట ఊరు పుట్టినట్టే. కర్నూలోళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు, నది ఊరిని పోషిస్తుందీ, 2009 అక్టోబరులో చేసినట్టు ఒక్క రాత్రిలో ముంచేస్తుందీ కూడా.

గీసినాక ఒక ప్రశ్న వేసుకోండి: ఈ నీటి మీద పడవెక్కితే యాడికి పోవచ్చు? వోల్గా మీద కిందికి పోతే కాస్పియన్ సముద్రం, ఆ పక్కన పర్షియా. త్వెర్త్సా మీద పైకి పోతే నోవ్‌గొరోద్ వైపు, అంటే బాల్టిక్ వ్యాపారం వైపు. తర్వాత పీటర్ చక్రవర్తి వీష్నీ వొలచోక్ దగ్గర కాలువ తవ్వించాక వోల్గా ప్రాంతపు ధాన్యం పడవలు త్వేర్ మీదుగానే కొత్త రాజధాని పీటర్స్‌బర్గ్‌కు పోయేవి. మన కేసీ కెనాల్ కూడా మొదట్లో సాగుకే కాక పడవల కోసమూ తవ్విందేనని మీకు తెలిసే ఉంటుంది. ఆ ఊరు ఎందుకు పుట్టింది, ఎందుకు బలిసింది, దాని మీద అందరి కన్నూ ఎందుకు పడింది అనేదానికి సగం జవాబు ఈ బొమ్మలోనే వచ్చేస్తుంది.

పేర్లు, తేదీలు సరిచేసుకోండి

ఇది విసుగు పుట్టించే పనే, కానీ చేయకపోతే తర్వాత చాలా తిప్పలు. నేను మొదటి రెండు వారాలు తప్పుడు దారిలో తిరిగింది దీనివల్లే.

ఊరి పేరు: 1931 నుంచి 1990 దాకా త్వేర్‌ను కాలీనిన్ అన్నారు. మిఖాయిల్ కాలీనిన్ అనే సోవియట్ నాయకుడి పేరు అది, ఆయన పుట్టింది ఆ జిల్లా పల్లెలోనే. కాబట్టి ఆ అరవై ఏండ్ల సంగతులు వెతకాలంటే కాలీనిన్ అని వెతకాలి, యుద్ధం వార్తలైతే మరీను. కందనవోలు అని వెతక్కుండా మన కర్నూలు శాసనాలు దొరకవు గదా, అదే ఇది.

మనుషుల పేర్లు: రష్యన్లలో మధ్యన వచ్చేది తండ్రి పేరు. మిఖాయిల్ యారోస్లావిచ్ అంటే యారోస్లావ్ కొడుకు మిఖాయిల్. పాతకాలంలో మామూలు జనానికి ఇంటిపేర్లు స్థిరపడలేదు, అందుకే అఫనాసీ నికితిన్ అంటే నికితా కొడుకు అఫనాసీ, అంతే. త్వేర్ చరిత్రలో ఇంకో నికితిన్ ఉన్నాడు, ప్యోతర్ నికితిన్, మూడొందల ఏండ్ల తర్వాతి ఆర్కిటెక్టు. ఈ ఇద్దరినీ నేను ఒకే కుటుంబం అనుకొని నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు రాసి కొట్టేశాను. మీరా పని చేయకండి.

తేదీలు: పాత రష్యన్ చరిత్ర గ్రంథాల్లో సంవత్సరాన్ని సృష్టి మొదలైనప్పటి నుంచి లెక్కేస్తారు. అందులోంచి 5508 తీసేస్తే మన లెక్క వస్తుంది. 6983 అని ఉంటే 1475. వాళ్ళ సంవత్సరం జనవరిలో మొదలయ్యేది కాదు కాబట్టి ఒక ఏడు అటూ ఇటూ కావచ్చు. శాసనంలో శక సంవత్సరం కనిపిస్తే 78 కలుపుకునే అలవాటు మనకు ఉన్నదే. ఇంకొకటి, 1918కి ముందు రష్యా పాత క్యాలెండరు వాడేది, 19వ శతాబ్దంలో అయితే 12 రోజులు వెనక. ఒకే సంఘటనకు రెండు పుస్తకాల్లో రెండు తేదీలుంటే కంగారు పడకుండా ముందు ఇది చూసుకోండి.

ఇక భాష. ఇంగ్లీషులో దొరికేది కొంతే. ఊరి పేరు రష్యన్ లిపిలో ఎలా ఉంటుందో ఒకసారి కాపీ చేసి ఫోన్లో పెట్టుకొని దాంతో వెతికి, వచ్చిన పేజీని ట్రాన్స్‌లేటర్‌లో పెట్టండి. అనువాదం అక్కడక్కడా వంకరగా వస్తుంది, ఊరి పేర్లనూ మనుషుల పేర్లనూ కూడా అనువదించేస్తుంది, అయినా పదింతల సమాచారం దొరుకుతుంది.

ఒక్క మనిషిని గట్టిగా పట్టుకోండి

ఏ ఊరికైనా ఇదే అసలు పని. వంద మంది గురించి ఒక్కో లైను తెలుసుకునే బదులు ఒక్క మనిషి వెంట చివరిదాకా నడవండి, మిగతావాళ్ళు దారిలో వాళ్ళే ఎదురవుతారు. త్వేర్‌కు సంబంధించి మన రాయలసీమవాళ్ళం పట్టుకోవాల్సిన మనిషి అఫనాసీ నికితిన్.

ఆయన వ్యాపారి. 1460ల చివర్లో త్వేర్ నుంచి వోల్గా మీద పడవల్లో సరుకుతో బయల్దేరాడు. (కొన్ని పుస్తకాలు 1466 అంటాయి, కొన్ని 1468 అంటాయి. ఇట్లాంటి చోట రెండూ రాసుకోండి, ఒకటి కొట్టేయకండి.) ఆస్త్రాఖాన్ దగ్గర తాతార్లు దోచుకున్నారు. సరుకుతో పాటు పుస్తకాలూ పోయాయి. ఉత్త చేతులతో, అప్పులున్న ఊరికి వెనక్కి పోలేక ముందుకే నడిచాడు: దెర్బెంత్, బాకూ, పర్షియా, హోర్ముజ్, అక్కడి నుంచి ఓడలో పడమటి తీరంలో చౌల్ రేవుకు. వెంట ఒక గుర్రం తెచ్చాడు, దక్కన్‌లో గుర్రాలకు మంచి ధర వస్తుందని. జున్నర్‌లో అక్కడి ఖాన్ ఆ గుర్రాన్ని లాక్కొని, మతం మారితే తిరిగిస్తాను, పైగా బంగారమూ ఇస్తానన్నాడు. ఒక పర్షియన్ పెద్దమనిషి అడ్డుపడి మాట్లాడబట్టి గుర్రం దక్కింది. చివరికి బీదర్‌లో అమ్ముకున్నాడు. అప్పుడు బీదర్ బహమనీల రాజధాని, మహమూద్ గవాన్ ప్రధాని. వాస్కో డ గామా ఓడ కాలికట్‌కు వచ్చింది 1498లో. దానికి పాతికేండ్లకు పైగా ముందే, సైన్యం లేకుండా, ఒక గుర్రంతో ఈయన వచ్చి మన మధ్య తిరిగిపోయాడు.

వచ్చినవాడు రాసుకున్నాడు. ఆ రాతను మూడు సముద్రాల ఆవలి ప్రయాణం అంటారు. అందులో కోట గోడలూ ఏనుగులూ ఎట్లాగూ ఉన్నాయి గానీ నన్ను కదిలించినవి చిన్న చిన్న సంగతులు. గుర్రాలకు ఇక్కడ శనగలు పెడతారని రాశాడు, జనం అన్నం, వెన్న వేసిన కిచిడీ తింటారని రాశాడు. రాయచూరులో వజ్రాలు దొరుకుతాయని రాశాడు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగి వెతికే జనాన్ని చూసినవాళ్ళకు ఈ మాట ఎంత దగ్గరగా ఉంటుందో. పుస్తకాలు పోవడంతో ఈస్టర్ ఎప్పుడో, ఉపవాసాలు ఎప్పుడో లెక్క తప్పిపోయి, ఎవరూ తన మతంవాళ్ళు లేని దేశంలో ఆకాశం చూసి అంచనా వేసుకుంటూ బాధపడ్డాడు. ఒకచోట రష్యన్‌లో కాకుండా తురక భాషల్లో కలగలిపి ఒక ప్రార్థన రాసుకున్నాడు: రష్యా నేలను దేవుడు కాపాడాలి, అట్లాంటి నేల ఇంకోటి లేదు, కానీ అక్కడి దొరలు న్యాయంగా లేరు, అని. సొంత ఊరి గురించి చెప్పుకునే ఆ మాటను పరాయి భాషలో ఎందుకు దాచాడో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది.

ఇక పర్వతం. బీదర్‌లో పరిచయమైన హిందువులతో కలిసి శివరాత్రికి ఒక క్షేత్రానికి నడిచి వెళ్ళానని, దాని పేరు పర్వత్ అని, అది వీళ్ళకు జెరూసలేం లాంటిదని రాశాడు. నెల రోజుల నడక. గుడి దగ్గర అయిదు రోజుల అంగడి. చరిత్రకారుల్లో ఎక్కువమంది ఇది శ్రీపర్వతమే, అంటే మన శ్రీశైలమే అంటారు. గుడి చాలా పెద్దది, రాతితో కట్టింది, త్వేర్‌లో సగమంత ఉందని కొలత చెప్పాడు. కొలబద్దగా మనసులో ఉన్నది సొంత ఊరే. గుడి చుట్టూ దేవుడి లీలలు రాతిలో వరసలు వరసలుగా చెక్కారన్నాడు. దేవుడి ముందు నల్లరాతి ఎద్దు, బంగారు పూత, జనం దాని గిట్ట ముద్దు పెట్టుకొని పూలు వేస్తారన్నాడు. ముసలీ ముతకా, ఆడా మగా గుండు చేయించుకుంటారన్నాడు. తలకింతని సుంకం కట్టించుకుంటారనీ రాశాడు.

ఇది చదివాక నేను పని పెట్టుకొని శ్రీశైలం పోయొచ్చాను. దర్శనం అయ్యాక ప్రాకారం గోడ చుట్టూ ఈసారి నిదానంగా నడిచాను. ఎన్నోసార్లు పోయినా ఆ గోడను చూసింది లేదు, అందరిలాగే క్యూ, ప్రసాదం, బస్సు. గోడ మీద బారులు బారులుగా బొమ్మలు: ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, ఒక్కో రాతి మీద ఒక్కో కథ. ఎండకు రాయి వేడెక్కి ఉంది, ఒక గుర్రం బొమ్మ దగ్గర ఎవరో పసుపు అద్దిపోయారు. ఆ పరాయి దేశపు మనిషి ఆరోజు ఏ బొమ్మ దగ్గర ఆగాడో అనుకుంటూ ఆ వేడి రాతి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయాను. ఇప్పటికీ ఉగాదికి కన్నడ భక్తులు మన ఆత్మకూరు మీదుగా వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారిలో అడవిలో నడిచి వస్తారు. ఆ గుంపుల మధ్య ఒక రష్యన్ వ్యాపారిని ఊహించుకోండి, త్వేర్ మీకిక దూరపు ఊరు కాదు.

నికితిన్ మళ్ళీ త్వేర్ చూడలేదు. తిరుగు దారిలో స్మొలెన్‌స్క్ చేరకముందే చనిపోయాడు. ఆయన రాతలు వ్యాపారుల చేతుల మీదుగా 1475లో మాస్కోలో వసీలీ మమీరెవ్ అనే అధికారికి చేరాయి. ఇందాక చెప్పిన 6983 ఆ సంవత్సరమే. ఆ తర్వాత పదేండ్లకు, 1485లో, ఆయన ఏ రాజ్యపు పౌరుడిగా బయల్దేరాడో ఆ త్వేర్ రాజ్యమే లేకుండా పోయింది. మాస్కో రాజు మూడో ఇవాన్ కలిపేసుకున్నాడు, త్వేర్ ఆఖరి రాజు లిథువేనియాకు పారిపోయాడు.

ఓడిన కథను కూడా చదవండి

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. రష్యా చరిత్ర అంటే మాస్కో చరిత్ర అనుకుంటారు, ఎందుకంటే గెలిచింది మాస్కో. 1300 ప్రాంతంలో ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు, త్వేరే పెద్దన్నలా ఉండేది. మంగోలుల దాడి తర్వాత ఆ ప్రాంతంలో మొట్టమొదట రాతితో పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టింది త్వేర్‌లోనే, 1285లో. మూడేండ్లు రాజధానిగా ఉండి, డేరాల్లో ఆఫీసులు నడిపి, 1956లో ఆ హోదా పోగొట్టుకున్న ఊరివాళ్ళం మనం. రాజధాని చేజారిన ఊరి మనసు మనకు తెలుసు, కాబట్టి ఈ భాగం మనకు బాగా అర్థమవుతుంది.

మిఖాయిల్ యారోస్లావిచ్ 1304 నుంచి వ్లాదిమీర్ మహారాజు, అంటే రష్యన్ రాజులందరిలో పెద్ద. మాస్కో రాజు యూరీ ఆయన మీద మంగోలు ఖాన్‌కు ఫిర్యాదులు చేస్తూ పోయాడు. 1318లో ఉజ్బెక్ ఖాన్ కొలువులో మిఖాయిల్‌ను చంపేశారు. రానంటే ఊరి మీద సైన్యం వచ్చి పడుతుందని తెలిసే వెళ్ళాడంటారు. ఆ తర్వాత ఆయన్ని పుణ్యపురుషుడిగా చర్చి గుర్తించింది.

ఆయన భార్య పేరు అన్నా. నోట్‌బుక్‌లో ఆమెకు ఒక పూర్తి పేజీ ఇవ్వండి. భర్త 1318లో, పెద్దకొడుకు ద్మిత్రీ 1326లో, ఇంకో కొడుకు అలెగ్జాందర్, అతనితో పాటు మనవడు ఫ్యోదర్ 1339లో, నలుగురూ ఆ ఖాన్ కొలువులోనే చచ్చిపోయారు. ఆమె సన్యాసం తీసుకొని 1368 దాకా బతికింది. మూడొందల ఏండ్ల తర్వాత ఆమెను పుణ్యస్త్రీగా ప్రకటించారు. మళ్ళీ 1670ల్లో ఆ హోదా తీసేశారు, ఎందుకంటే సమాధిలో ఆమె చేతి వేళ్ళు పాత ఆచారం ప్రకారం రెండు వేళ్ళ శిలువ గుర్తులో ఉన్నాయని, అప్పటికి చర్చి మూడు వేళ్ళ పద్ధతికి మారిపోయిందని. 1909లో మళ్ళీ ఇచ్చారు. ఒక తల్లి వేళ్ళ మీద ఒక దేశపు మతగొడవ అంతా నడిచింది.

మధ్యలో 1327. ఆగస్టు 15న దుద్కో అనే చర్చి సేవకుడు తన ఆడగుర్రాన్ని వోల్గాలో నీళ్ళు తాపడానికి తోలుకుపోతుంటే ఖాన్ మనుషులు దాన్ని లాక్కున్నారు. అతను కేకలు పెట్టాడు, ఊరు ఊరంతా తిరగబడింది, ఖాన్ దూత చోల్‌ఖాన్‌ను చంపేశారు. దానికి ప్రతీకారంగా వచ్చిన సైన్యంతో పాటు నడిచి త్వేర్‌ను తగలబెట్టించింది మాస్కో రాజు ఇవాన్ కలితా. తర్వాత త్వేర్ పెద్ద చర్చి గంటను కూడా మాస్కోకు పట్టుకుపోయాడు. నికితిన్ పుట్టేసరికి ఇవన్నీ ఆ ఊరి తాతలు చెప్పే కథలు. జున్నర్‌లో గుర్రం లాక్కున్నప్పుడు ఆయనకు దుద్కో గుర్తొచ్చి ఉండొచ్చని నాకనిపిస్తుంది.

ఒక్కో భవనానికి మూడు ప్రశ్నలు

ఎవరు పెట్టారు, ఎందుకు అక్కడే పెట్టారు, ఇప్పుడు అందులో ఏముంది. ఈ మూడూ అడిగితే చాలు, భవనం దానంతటదే మాట్లాడుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. త్వెర్త్సా వోల్గాలో కలిసే చోట ఓత్రోచ్ మఠం ఉండేది. మాక్సిమ్ గ్రీకు అనే పండితుణ్ణి ఏండ్ల తరబడి అందులో బంధించారు. 1569లో, రష్యా చక్రవర్తి నాలుగో ఇవాన్ హత్యాకాండను ఎదిరించిన మతపెద్ద ఫిలిప్‌ను ఆ ఇవాన్ అనుచరుడు మల్యూతా స్కురాతొవ్ ఆ మఠంలోనే చంపాడు. సోవియట్ కాలంలో మఠం పడగొట్టి 1938లో అక్కడ రేవు స్టేషన్ కట్టారు. 2017లో ఆ స్టేషన్ నడిభాగం కూలిపోయింది. మఠంలో ఒక్క చర్చి మాత్రం, 1722ది, మిగిలింది. ఒకే నేల ముక్క మీద మఠం, జైలు, పడవల స్టేషన్, శిథిలం.

ఇంకొకటి, నా నోట్‌బుక్‌లో మూడు గడులూ పూర్తిగా నిండినది. 1763లో త్వేర్ నడిబొడ్డు అగ్నిప్రమాదంలో కాలిపోయింది. రెండో కతెరీనా మహారాణి దాన్ని ప్లాను ప్రకారం కొత్తగా కట్టించింది, మూడు వీధులు ఒక చౌకు నుంచి త్రిశూలంలా విడిపోయేట్టు. పని చూసింది ఆ రెండో నికితిన్, ప్యోతర్, ఆయన కింద మత్వేయ్ కజకోవ్. పీటర్స్‌బర్గ్, మాస్కోల మధ్య ప్రయాణంలో మహారాణి దిగడానికి ఒక ప్యాలెస్ కట్టారు. 1809లో చక్రవర్తి చెల్లెలు కతెరీనా పావ్లొవ్నా భర్త త్వేర్ గవర్నర్ జనరల్‌గా రావడంతో ఆర్కిటెక్టు కార్లో రొస్సి దాన్ని ఆమెకోసం మార్చి కట్టాడు. ఆమె దాన్ని పండితుల సభగా చేసింది. 1811లో చరిత్రకారుడు కరమ్‌జిన్ అక్కడే కూర్చొని మొదటి అలెగ్జాందర్ చక్రవర్తికి తన రష్యా చరిత్ర చదివి వినిపించాడు. ఆ కరమ్‌జిన్ ఎవరనుకున్నారు? ఒక మఠం గ్రంథాలయంలో మరుగున పడి ఉన్న అఫనాసీ నికితిన్ రాతను బయటికి తీసి లోకానికి చెప్పింది ఆయనే. ఆ రాత్రి ఈ వరస పూర్తి చేసి మా ఆవిడను లేపి మరీ చదివి వినిపించాను.

ఇప్పుడు ఆ ప్యాలెస్‌లో చిత్రాల గ్యాలరీ ఉంది. దానికి దగ్గర్లోనే, అదే సోవియట్‌స్కాయా వీధిలో, మావాడు చదవబోయే వైద్య విశ్వవిద్యాలయం. అది మొదట లెనిన్‌గ్రాద్‌లో దంతవైద్య సంస్థ, 1954లో ఇక్కడికి మార్చారు.

మిగతావి త్వరగా చెప్తా. సైబీరియా శిక్ష ముగించుకొని వస్తూ రచయిత దొస్తొయెవ్‌స్కీ 1859లో కొన్ని నెలలు ఇక్కడ ఉన్నాడు. ఇంకో రచయిత సాల్తికోవ్-ష్చెద్రిన్ 1860 నుంచి 1862 దాకా ఇక్కడ వైస్ గవర్నర్. నీతికథల క్రిలోవ్ చిన్నప్పుడు ఇక్కడే పెరిగాడు. మాస్కో, పీటర్స్‌బర్గ్ రైలు 1851లో ఈ ఊరి మీదుగా వచ్చింది, దాంతో మొరోజోవ్‌ల బట్టల మిల్లు, 1898లో రైలు పెట్టెల ఫ్యాక్టరీ. మొరోజోవ్ మిల్లుకు ఆనుకొని కార్మికుల బ్యారక్‌లు, ఆసుపత్రి, బడి, థియేటరు, అంతా కలిపి ఒక ఊరే. ఆదోని జిన్నింగ్ మిల్లుల వీధులు ఎరిగినవాళ్ళు ఈ భాగాన్ని వదలకుండా చదవండి. 1895లో త్వేర్ స్థానిక సభ ప్రజల గొంతు వినండని వినయంగా రాసిన విన్నపానికి కొత్త చక్రవర్తి రెండో నికొలాయ్ ఇచ్చిన జవాబు "అర్థంలేని కలలు" అని. పాత లెక్కలో జనవరి 17, కొత్త లెక్కలో 29. ఇరవై రెండేండ్లకు సింహాసనమే పోయింది.

మిగిలినవాటితో పాటు పోయినవాటి జాబితా కూడా రాసుకోండి. 1285లో మొదలైన ఆ పెద్ద చర్చి చోట తర్వాత కట్టిన చర్చిని 1935లో పేల్చేశారు, ఈమధ్యే తిరిగి లేపారు. 1941 అక్టోబరులో జర్మన్లు ఊరిని పట్టుకున్నారు, డిసెంబరు 16న ఎర్రసైన్యం విడిపించింది. ఆ రెండు నెలల్లో ఊరు చాలా భాగం నేలమట్టమైంది. ఊళ్ళో నిలిచి ఉన్న కట్టడాల్లో అన్నిటికన్నా పాతది 1564 నాటి తెల్ల త్రిత్వ చర్చి. తొమ్మిదొందల ఏండ్ల ఊరికి అంతకన్నా పాత గోడ లేదంటే ఎన్ని మంటలు చూసిందో లెక్కేసుకోండి.

ఊరు చేరాక

పిల్లవాడు విమానం ఎక్కేముందు ఆ నోట్‌బుక్ ఫోటోలు తీసి పంపాను. మొదటి నెల చలికి, కొత్త భాషకు టెన్షన్ పడతారు, అప్పుడే అన్నీ చూడమని ఒత్తిడి చేయకండి. వారానికి ఒక్క చోటు చాలు. త్మాకా కలిసే మూల నుంచి మొదలుపెట్టి, ప్యాలెస్, నది ఒడ్డు, పాత వోల్గా వంతెన, అక్కడి నుంచి అవతలి ఒడ్డు. అవతలి ఒడ్డున 1955లో పెట్టిన నికితిన్ విగ్రహం ఉంది. పడవ ఆకారపు దిమ్మె, పడవ ముక్కు గుర్రం తలలా ఉంటుంది. ఊరివాళ్ళతో మాట కలపడానికి ఆ పేరొక్కటి చాలు, త్వేర్‌లో ఆయన పేరు తెలియనివాళ్ళు ఉండరు, ఆయన చూసిన గుడి దగ్గరి నుంచి వచ్చామంటే మర్యాదే వేరు.

మావాడు డిసెంబరులో పోయినాడు అక్కడికి. వాయిస్ మెసేజ్ పెట్టినాడు, వెనకాల గాలి హోరు. "మామా, గుర్రం తల దగ్గర నిలబడినా. వోల్గా అంచులెంబడి గడ్డకట్టింది. మా టీచరమ్మకు శ్రీశైలం సంగతి చెప్తే నమ్మలేదు, ఆ గోడ మీది బొమ్మలు చూపియ్యమంటాంది. నువ్వు ఈసారి పోయినప్పుడు ప్రాకారం ఫోటోలు తియ్యి మామా, ఆ గుర్రం బొమ్మది దగ్గరగా తియ్యి." వచ్చే సోమవారం ఆత్మకూరు బస్సెక్కుతున్నా.